బాపు గొంతుకు తాళం లేదు

"ఆ ఫ్యాన్ బంద్ చెయ్యి! గదిల మనిషి లేడు, గాలి ఎవలికి?"

ఇవాళ పొద్దున మా ఇంట్లో మళ్లీ ఈ కేక మోగింది. దాని వెనక కుక్కరు కూత, చిక్కడపల్లి సందులో కూరగాయల బండివాడి అరుపు. కేక మా బాపుది, అంటే నాన్నది. ఆయన గొంతు పోయి ఏళ్లయింది. కంప్యూటరు ముందు కూర్చుని, మీట నొక్కి, తన పాత గొంతుతో నన్ను తిట్టాడు. నవ్వుకుంటూ లేచి ఫ్యాను ఆపేశాను. తిట్టించుకున్న ప్రతిసారీ నాకు సునందక్కే గుర్తొస్తుంది.

సునందక్క మా కింది వాటాలో కిరాయికి ఉండేది. నారాయణగూడలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పేది. ఇంటి తాళాల గుత్తికే ఒక పెన్ డ్రైవ్ వేలాడుతుండేది. ఎవరింట్లో కంప్యూటరు కనబడినా సరే, సినిమాలకు వీఎల్‌సీ, ఉత్తరాలకు లిబ్రె ఆఫీస్ అడగకముందే ఎక్కించి పోయేది. కాచిగూడ బట్టల దుకాణంలో జీవితమంతా బేరాలు చేసిన బాపుకు ఈ ఉచిత ధర్మం నచ్చేది కాదు. "ఊకె వచ్చింది ఎన్నొద్దులుంటది బిడ్డా?" అనేవాడు. "నల్లా రాని రోజు పక్కింటోళ్లు బిందెడు నీళ్లిస్తే తాగుతలేమా కాకా? గీది గూడ గంతే. ఎవలో రాసిన్రు, అందరికిచ్చిన్రు" అనేది అక్క. బాపు దగ్గర అంత చనువుగా ఎదురు మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు.

2012లో బాపు స్వరపేటికలో క్యాన్సరు పుండు బయటపడింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు మాత్రం దక్కదన్నారు డాక్టరు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు పొద్దున ఆ గొంతును రికార్డు చేద్దామని కూర్చున్నాను. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సభలో మాట్లాడినట్టు బుద్ధులన్నీ చెప్పాడు. తీరా దాచుకోబోతే నేను రికార్డు చేసిన సాఫ్టువేరు మొరాయించింది. ఉచిత గడువు అయిపోయింది, కొంటే తప్ప దాచనివ్వనంది. సాయంత్రానికి ఆసుపత్రిలో ఉండాలి. నాకు ఏడుపొక్కటే తక్కువ. కిందికి పరుగెత్తాను.

అక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందిర తమ్మీ, గింత పరేషాన్? జర జరుగు" అని పెన్ డ్రైవ్ పెట్టి ఆడాసిటీ ఎక్కించింది. గొంతు రికార్డు చేసే సాఫ్టువేరు అది. గడువు లేదు, కొనే పని అంతకన్నా లేదు. కానీ బాపు మొండికేశాడు.

"ఇగ నాతోని కాదు బిడ్డా. చెప్పేదంత చెప్పిన."

"పోతే పోయింది తియ్యి కాకా. గా ఉపన్యాసం ఎవలింటరు? రోజు తిట్టినట్టు తిట్టు."

బాపు తల అడ్డంగా ఊపాడు. అక్క రికార్డు చేసే ఎర్ర గుండీ నొక్కి, ఏమీ ఎరగనట్టు లేచి, ఖాళీగా ఉన్న పక్క గదిలో ఫ్యాను వేసి వచ్చింది. అంతే! ఇల్లు అదిరింది. ఫ్యానుతో మొదలై నా ఆలస్యపు స్నానం మీదికి, అమ్మ ఇంకా ఇవ్వని చాయ్ మీదికి పోయాయి తిట్లు. అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ ఫైలు దాచేటప్పుడు అంది: "దీనికి తాళం లేదు తమ్మీ. ఏ కంప్యూటర్ల పెట్టినా తెరుసుకుంటది."

ఆపరేషనయి బాపు ఇంటికొచ్చాక కుక్కరు కూత, అక్క నవ్వు కత్తిరించి శుభ్రం చేద్దామనుకున్నాను. ఆడాసిటీలో అది చిటికెలో పని. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపి, పలక తీసి రాశాడు: "బిడ్డ నవ్వు ముట్టకు."

సునందక్క ఇప్పుడు ఈ లోకంలో లేదు. నాకు ఆమె అలవాటు అంటుకుంది. అశోక్‌నగర్‌లో, రాంనగర్‌లో ఎవరు కంప్యూటరు కొన్నా ఆడాసిటీ ఎక్కించి, మీ ఇంట్లో ఎక్కువ తిట్టేదెవరు, ముందు వాళ్లను రికార్డు చెయ్యండి అంటాను. నవ్వుతారు, కానీ చేస్తారు.

ఇవాళ నేను ఫ్యాను ఆపినా బాపు రికార్డు ఆపలేదు. ఎప్పుడూ ఆపడు. తన తిట్లన్నీ అయిపోయేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. చివర్లో అక్క నవ్వు, ఆ వెంటనే ఆమె మాట వినిపించాయి.

"కాకా గొంతు ఇగ ఎటూ పోదు తమ్మీ!"