ఖాళీ కుర్చీలోంచి జవాబు

ఆయన జీవితంలో హిట్టయింది ఒకే ఒక్క డిస్కో పాట. గొంతు మరీ బరువుగా ఉందని రికార్డింగు ఇంజనీరు టేపు వేగం పెంచాడు. ఆ సన్నని గొంతు జనం నోళ్ళలో నానింది. ఏడాదిపాటు ఆయన ఆడింది ఆట, పాడింది పాట. ఆ తర్వాత ఏం పాడినా ఎవరూ చెవిన పెట్టలేదు.

స్టేజీ మీద ఆ సన్నని గొంతు ఆయనకే పలకదు. అందుకని వెనక టేపు వేసి, తళతళల కోటు తొడిగి, పెదవులు మాత్రం కదిపేవాడు. ముప్పై ఏళ్ళు అదే పాట, అదే కోటు. కోటే పాపం రెండుసార్లు వదులు చేయించుకుంది.

"నాకోసం ఒక్కసారి మీ సొంత గొంతుతో పాడరాదూ?" అని భార్య పెళ్ళైన కొత్తలోనే అడిగింది.

"ఆ గొంతు వింటే పారిపోతావే" అని దాటేశాడు. ఆమె అడగడమూ మానలేదు, ఆయన దాటేయడమూ మానలేదు.

ఒక ఉదయం కాఫీ తాగి ఆయన పెదవులు కదిపాడు. చప్పుడు లేదు. కప్పు కడగడానికి ఆయన లేచి వెళ్ళాక, "చక్కెర తక్కువైంది" అని అంతకుముందు ఆయన కూర్చున్న కుర్చీలోంచి వినబడింది.

"ఇంట్లో కూడా టేపేనా?" అని ఆమె వెక్కిరించింది. ఆయన నవ్వలేదు.

రానురాను ఆ ఆలస్యం పెరిగింది. డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. వాళ్ళు తలుపు దాకా వచ్చాక, డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు ఖాళీ కుర్చీలోంచి వచ్చింది. డాక్టరు మళ్ళీ రమ్మనలేదు. ఆమెకు మొదట్లో ఒళ్ళు జలదరించేది. పోనుపోను ఖాళీ కుర్చీకి "సరే" అనడం అలవాటైపోయింది.

చనిపోయిన రోజు పొద్దున మంచం మీద ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. రెండు మాటలకు అంతసేపు పట్టదు. అది పాటేనని ఆమెకు తెలిసిపోయింది. మధ్యాహ్నం అందరూ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆమె మాత్రం మంచం పక్కనుంచి కదలలేదు, దుప్పటి తియ్యనివ్వలేదు. పాట తను వినకుండానే అయిపోతుందేమోనని ఆమె భయం.

సాయంత్రం మరిది తిరిగొచ్చి తలుపు తోశాడు. లోపల ఎవరో మగమనిషి బరువైన గొంతుతో, తాళం లేకుండా, నెమ్మదిగా పాడుతున్నాడు.

"రేడియో కట్టెయ్ వదినా, బయట జనం ఉన్నారు."

ఆమె తలగడ మీదనుంచి చెవి తియ్యలేదు.

"రేడియో కాదు. మీ అన్నయ్య పాడుతున్నారు, కూర్చో."