నాగభూషణం గారి ‘ఏ సంవత్సరం?’

ఢిల్లీ గురించి ఎవరు ఏ మాటన్నా నాగభూషణం గారు ‘ఏ సంవత్సరం?’ అని అడుగుతారు. చెప్పలేనివాడు ఆయన దృష్టిలో అబద్ధాలకోరు. చెప్పినవాడు తప్పు చెప్పినవాడు. ఈ రెండు రకాల జనంతో కిక్కిరిసిన నగరంలో, సెక్రటేరియట్‌లో గుమాస్తాగా పనిచేస్తూ, సరోజినీ నగర్ క్వార్టర్లో ఆయన మహా నిజాయితీగా బతికేవారు. ఆయనతో పాటు బతకాల్సింది మాత్రం రాజేశ్వరమ్మ.

కాపురానికి వచ్చిన రోజు రైలు దిగి, టాంగా ఎక్కి, ఆవిడ ఒక్కటే అడిగింది.

“ఇల్లు ఎంత దూరమండీ?”

“ముందు ఏ ఢిల్లీయో తేల్చుకోవాలి, రాజ్యం. ఇక్కడ ఏడు ఢిల్లీలున్నాయి.”

ఆ ఏడూ పూర్తయ్యేసరికి గుర్రం నిద్రపోయింది. టాంగావాలా కూడా. తుగ్లక్ దాకా ఓపిక పట్టిన రాజేశ్వరమ్మ, లోదీల దగ్గర ట్రంకుపెట్టె మీద తల వాల్చేసింది. ఆనాడు పట్టుకున్న అలసట ఆవిడను మళ్లీ వదల్లేదు.

డెబ్భై నాలుగులో ఆవిడ చెల్లెలు సకుటుంబంగా వచ్చింది. కుతుబ్ మినార్ దగ్గర గైడు, “షాజహాన్ పాదుషా తన రాణి కోసం కట్టించిన...” అన్నాడో లేదో, నాగభూషణం గారు గొడుగు అడ్డం పెట్టారు.

“ఏ సంవత్సరం?”

“బహుత్ పురానీ బాత్ హై, సాబ్.”

“పురానీ, పాతకాలం మాట అంటే కుదరదు భయ్యా! షాజహాన్ ముత్తాత పుట్టకముందే ఇది ఇక్కడ ఉంది!”

పొద్దుగూకేదాకా వాదించారు. చివరికి గైడు చేతులు జోడించి, కావాలంటే మినార్ తానే కట్టానని ఒప్పుకుంటానన్నాడు. చెల్లెలి కుటుంబం అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయింది.

కొత్తిమీరకు పంపినా అంతే. ఉత్త సంచీతో తిరిగొచ్చేవారు.

“ఏదండీ కొత్తిమీర?”

“వాడి దుకాణం మొఘలుల నాటిదట! మొఘలులు పోయాక ఎన్నేళ్లకు ఈ కాలనీ లేచిందో విడమరిచి చెప్పాను.”

“కొత్తిమీరో?”

“అలిగాడు. అమ్మనన్నాడు.”

రాజేశ్వరమ్మ మొఘలుల ఖాతాలో మరో చప్పిడి చారు రాసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఎనభై అయిదులో ఆయన రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేయాలి. ఎప్పుడో ప్రభుత్వం కట్టే ఇళ్లకు పేరు రాయించుకుంటే, ఇప్పటికి లాటరీలో యమున అవతల మయూర్ విహార్‌లో ఫ్లాటు తగిలింది. నాగభూషణం గారు కుర్చీలో కూలబడ్డారు.

“ఢిల్లీలన్నీ నదికి ఇటువైపే, రాజ్యం! అటు ఏ పాదుషా ఒక్క ఇటుక పెట్టలేదు. చరిత్ర లేని చోట ఎలా ఉంటాం?”

“నీళ్లుంటే చాలండీ.”

నీళ్లూ లేవు. టాంకరు వచ్చినరోజే స్నానం. బస్సు దయతలిస్తేనే కూరగాయలు. కిటికీ తెరిస్తే పప్పులో ఇసుక. పలకరించే తెలుగు గొంతు కనుచూపు మేరలో లేదు. నెల తిరక్కుండానే రాజేశ్వరమ్మ చీపురు గోడకు ఆనించి, కోపం లేకుండా, కళ్లనీళ్లు లేకుండా అంది.

“కాకినాడలో చెల్లెలి దగ్గరికి పోతానండీ. మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేను. టికెట్ తీయండి. నాకింక ఓపిక లేదు.”

ఏ సంవత్సరం అని ఆయన అడగలేదు. గొడుగు తీసుకుని బయటికి పోయారు.

సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గడప దగ్గర నిలబడ్డారు.

“రాజ్యం, నీకో సంగతి తెలుసా? పూర్వం ఒక సుల్తాన్ గారి పట్టపురాణి ఉండేది. కోట గోల పడలేక, సుల్తాన్ గారి వాగుడు అసలే పడలేక, నది దాటి ఇటొచ్చి గుడారం వేయించుకుంది. సరిగ్గా నువ్వు నిలబడ్డ చోట! ఆవిడ పెంచిన నెమళ్ల వల్లే ఈ పేరొచ్చింది.”

రాజేశ్వరమ్మ గరిటె దించింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి నోట ఇంతటి పచ్చి అబద్ధం ఎప్పుడూ వినలేదు.

“ఏ రాణి?”

“పేరు... ఎవరూ రాసుకోలేదు.”

“ఏ సంవత్సరం?”

ఆయన ఫ్యాను వంక చూశారు. కరెంటు లేక అది కూడా తిరగడం లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గైడుకు చుక్కలు చూపించిన మనిషి, గొడుగు రెండు చేతులా పట్టుకుని, పాఠం మరిచిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు.

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

“ఆ రాణి తిరిగి కోటకు వెళ్లిపోయిందా?”

“లేదు. ఇక్కడే ఉండిపోయింది. పాపం, చివరికి సుల్తాన్ గారే వచ్చి చేరారు.”

“టికెట్ తీశారా?”

“క్యూ పెద్దదిగా ఉంది.”

“అయితే ఉండనీయండి. చెప్పులు విప్పి లోపలికి రండి, చారు చల్లారిపోతోంది.”

మర్నాడు టాంకరు దగ్గర, ఎదురింటి పంజాబీ ఆవిడతో రాజేశ్వరమ్మ మొదటిసారి మాట కలిపింది. తనకొచ్చిన హిందీలో, తన వంటింట్లో ఒక రాణి కాపురమున్న సంగతి చెప్పింది.

“అచ్ఛా!” అని ఆవిడ బకెట్ కింద పెట్టేసింది. “కబ్ కీ బాత్ హై, దీదీ?” అని ఎప్పటి సంగతో అడిగింది.

రాజేశ్వరమ్మ వెనక్కి తిరిగి, బకెట్లతో నిలబడ్డ మొగుడి వంక చూసింది.

నాగభూషణం గారు గొంతు సవరించుకున్నారు. నదికి అవతల ఉన్న ఏడు ఢిల్లీల వైపు ఒకసారి దొంగచూపు చూశారు.

“బహుత్ పురానీ బాత్ హై, బహన్‌జీ,” అన్నారు.