పిడిలో కర్పూరం

మొన్న ఆదివారం దగ్గర్లోని సిటీవెస్ట్ నుంచి మా ఆవిడ మేనల్లుడు లూకన్‌లో మా ఇంటికి వచ్చి, ఇంకా బూట్లయినా విప్పకుండానే, తువ్వాలులో చుట్టిన బాకు ఒకటి నా ఒళ్ళో పెట్టి, "మామయ్యా, ఆన్‌లైన్‌లో కొన్నా. ఫొటో తీసి అడిగితే ఫోనేమో డూప్లికేట్ అంటోంది, మీరొకసారి చూడండి" అన్నాడు. రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో జర్మన్ సైనికాధికారులు యుద్ధానికి కాకుండా విందులకూ కవాతులకూ నడుముకు అలంకారంగా వేలాడదీసుకున్న బాకుకు నకలు అది. పిడిని బొటనవేలితో కాసేపు రుద్ది, వాసన చూసి, ఫోను చెప్పిందే నిజమన్నాను. "పోన్లెండి, గోడకు బాగుంటుంది" అని నవ్వేసి, పప్పన్నం తిని కారెక్కి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం కునుకు పట్టలేదు.

ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామందిలాగే నేనూ వైద్యం చదివి, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడతో ఈ దేశం వచ్చి కార్క్‌లో దిగినప్పుడు, ఒక ఇంట్లో మేడమీది రెండు గదులు అద్దెకు దొరికాయి. కింద ఉండే ఇంటాయన గడియారాలు బాగుచేసే పని మానేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒంటరి ఐరిష్ పెద్దమనిషి. ప్రతి మనిషికీ వేపకాయంత వెర్రి ఉంటుందంటారు గదా, ఆయనకు ఆ బాకుల వెర్రి. అవి ఎలాంటి దుర్మార్గుల నడుములకు వేలాడాయో తెలిసినవాడు కనుక ఒక్కదాన్నీ గోడకెక్కించలేదు, అన్నీ బీరువాలోనే దాచేవాడు. ఎవరెవరో ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో తమ బాకులు తెచ్చి, అసలువో నకిలీవో చెప్పమని ఆయన ముందు కూర్చునేవారు.

ఆయనకు ఒకటే లోటు. ఎప్పుడో జ్వరం వచ్చి వాసన తెలియకుండా పోయింది. ఆ కాలపు పిడులకు సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ తొడిగేవారట, దాని తయారీలో కర్పూరం పడుతుందట, రుద్ది వేడిచేస్తే ఆ వాసన వస్తుంది, తర్వాతి ప్లాస్టిక్ నకళ్ళకు రాదు. ఒకరోజు నన్ను పిలిచి పసుపు తిరిగిన పిడి ఒకటి రుద్దమంటే, ఇది మా పూజగది వాసన కదండీ అన్నాను, అంతే, నా ముక్కుకు ఉద్యోగం దొరికింది. నా వైద్యం కంటే నా ముక్కు మీదే ఆయనకు గురి. భూతద్దం కింద లోహం మీది ఆకుల చెక్కుడు ఎంత పదునుగా ఉండాలో, అచ్చులో పోసిన నకిలీకి పక్కన సన్నటి అతుకు గీత ఎలా కనిపిస్తుందో, పాత నలుపును ఎందుకు తోమకూడదో అన్నీ శనివారం శనివారం ఓపికగా నేర్పాడు.

ఒక్క బాకును మాత్రం భూతద్దం కింద పెట్టేవాడు కాదు. అది వాళ్ళన్న ఇచ్చింది. ఆ అన్న ఇంగ్లండు సైన్యంలో చేరి జర్మనీదాకా వెళ్ళానని చెప్పుకునేవాడట. వాళ్ళ నాన్న, పక్క జిల్లా కెర్రీలో ఉండే చెల్లెలు ఆ మాట నమ్మలేదు. యుద్ధమూ లేదు, పాడూ లేదు, ఇంగ్లండులో ఇటుకలు మోసి వచ్చి కోతలు కోస్తున్నాడని గుమ్మం తొక్కనివ్వలేదు. నమ్మింది ఈయన ఒక్కడే. చనిపోయేముందు ఆ అన్న, జర్మనీలో దొరికింది, ఇదే సాక్ష్యం అంటూ బాకును ఈయన చేతిలో పెట్టాడు.

ఆ ఏడు దసరాకు పులిహోర తినడానికి ఆయన్ను పైకి పిలిచాం. అమ్మవారి ముందు నా స్టెతస్కోపు, మా ఆవిడ కత్తెర బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. పనిముట్లకు ఈరోజు పూజ చేస్తామని చెబితే ఆయన కిందికి వెళ్ళి, అన్న బాకు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు. నేను హారతికి కర్పూరం నలుపుతున్నాను. "ఇంత మకిలి వస్తువును అమ్మవారి ముందు ఎలా పెడతామండీ!" అంటూ ఆవిడ సింకు దగ్గర చింతపండు పిప్పితో రుద్దేసింది. తోమకూడదన్న సంగతి ఆవిడకు ఏనాడూ చెప్పని తప్పు నాదే. ఏళ్ళ తరబడి పట్టిన నలుపు అంత తేలిగ్గా పోదు, ఇదేమో బూటు పాలిష్‌లా కారిపోయింది. కింద అతుకు గీత స్పష్టంగా కనిపించేసరికి అది నకిలీయేనని నాకు తెలిసిపోయింది.

హారతి అయ్యాక ఆయన బాకును తీసుకుని, పక్కగా వేలు నడిపాడు. వేలు గీత దగ్గర ఆగింది. కోపగించుకోలేదు. తర్వాత బాకును నాకు అందించి, రుద్ది చెప్పు డాక్టర్ అన్నాడు. బొటనవేలు మండేదాకా రుద్దాను. పిడికి ఉత్త ప్లాస్టిక్ వాసన. నా వేళ్ళకేమో ఇందాకటి కర్పూరం.

కర్పూరమే అన్నాను.

ఆ సాయంత్రం ఆయన చెల్లెలికి ఫోను చేసి, ఆవిడకు చెవుడు కనుక అరిచి అరిచి, అన్న అబద్ధం చెప్పలేదు, ఇండియా డాక్టరు స్వయంగా పరీక్షించాడు అని చెప్పడం మేడమీదికి వినిపించింది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మా ఆవిడకు సంగతి చెబితే, "తప్పో ఒప్పో నాకు తెలీదు గానీ, ఇంకెవరితోనూ అనకండి" అంది. క్రిస్మస్‌కు ఆ చెల్లెలు మొదటిసారి అన్న సమాధి దగ్గరకు వెళ్ళి పూలు పెట్టిందట. ఆ గీత సంగతి అర్థమయ్యే నన్ను అడిగాడో, లేక నా మాటే నమ్మాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పటికీ ఆ నోటా ఈ నోటా విని నెలకొకరైనా బాకు పట్టుకుని వస్తుంటారు. నిమిషంలో నకిలీ అనేస్తాను, వాళ్ళూ నవ్వేసి వెళ్ళిపోతారు. నిజం చెప్పడం ఇంత తేలికైపోయినందుకు సంతోషించాలేమో. కానీ ఇది నీకెవరిచ్చారు నాయనా అని అడిగితే అందరూ ఒక వెబ్‌సైటు పేరే చెబుతారు. అబద్ధమాడాలనిపించేటంతటి బాకును మాత్రం మళ్ళీ ఎవరూ తేలేదు.