మణికట్టుకు కట్టిన తాడు

ఈ సంగతి మా తమ్ముడు నాకు చెప్పి నాలుగేళ్లు దాటింది. అప్పుడు నాకు రాయడం రాదు. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసేదాన్ని. బస్సు ఎటు పోతుందో పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. అంతమంది ఉండగా నాకే ఎందుకు చెప్పాడో కూడా వాడే చెప్పాడు.

"నీకు చెప్తే నీ కాడనే ఉంటది అక్కా. రాస్కోవు, చదవవు."

ఆ తర్వాత సంఘంవాళ్లు పెట్టిన సాయంత్రం బడిలో, యాభై దాటిన వయసులో, అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న వాడినే అడిగాను, రాయనా అని.

"రాయి. పేర్లు రాయకు," అన్నాడు.

అందుకే వాడి పేరు, వాడితో ఉన్నవాళ్ల పేర్లు ఇందులో లేవు.

మా తమ్ముడు స్పెషల్ ఫోర్సెస్‌లో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాడు. విమానంలోంచి దూకే దళం. మెరూన్ రంగు టోపీ. కోటు మీద నాలుగు పతకాలు. ఇబ్రహీంపట్నంలో వాడు రోడ్డు మీద నడిస్తే పోరగాళ్లు సెల్యూట్ కొడతారు. వాళ్లకు పతకాలు తెలుసు. నేను రాసేది వాటిలో అన్నిటికన్నా పెద్దదాని గురించి.

కశ్మీర్‌లో ఆ కొండకు వాళ్లు చేరింది అక్టోబర్ చివర. లారీ దిగేసరికి వాన. అక్కడి నుంచి ఆరు గంటల ఎక్కుడు. దేవదారు చెట్లు, జారే రాళ్లు. ఒక్కొక్కరి వీపు మీద ముప్పై కిలోల బరువు. తూటాలు, రేడియో బ్యాటరీలు, ప్లాస్టిక్ పట్టా, తడిస్తే మార్చుకోవడానికి మేజోళ్లు. పైన మట్టితో, దుంగలతో కట్టిన బంకరు. లోపల నిలబడితే తల తగులుతుంది.

ఆ దళంలో ఎవరూ ఒంటరిగా ఉండరు. ఇద్దరిద్దరు జోడీ. బడ్డీ అంటారు. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకొని ఉంటారు. మా తమ్ముడి బడ్డీ పహాడీ, అంటే కొండల మనిషి, వయసులో చిన్న. మా తమ్ముడిని ఉస్తాద్ అని పిలిచేవాడు. నేను చేసి పంపిన సకినాలు బంకరులో అందరికన్నా ఎక్కువ తిన్నది అతనే. అతనూ, మిగతావాళ్లూ హిందీలో అన్నవన్నీ మా తమ్ముడు మన మాటల్లోనే చెప్పాడు.

"ఉస్తాద్, గివి కొరికితే కొండ అవతలికి ఇనపడ్తది. మాటు కాడికి తేకు. దుష్మన్లు సుత వాసనకొచ్చి అడుగుతరు."

మాటు వేసినప్పుడు నోరు విప్పకూడదు. అందుకని జోడీలో ఇద్దరి మణికట్లకు ఒక సన్నటి తాడు కట్టుకుంటారు. ఒకసారి లాగితే 'బాగున్నావా' అని. తిరిగి ఒకసారి లాగితే 'బాగున్నా' అని. రెండుసార్లు లాగితే ఎవరో వస్తున్నట్టు. అంతే భాష.

ఒక రోజు చీకటి ఉండగానే వాగు ఒడ్డున మాటు వేశారు. ఆ దారిన సరిహద్దు దాటి మనుషులు వస్తారని కబురు. కింద మలుపులో వాళ్ల ఆఫీసరు, అందరూ సాబ్ అనే ఆయన, ఆయనతో ఐదుగురు. పైన రాళ్ల మధ్య మా తమ్ముడు, రేడియోతో. వాడికి పది అడుగుల దూరంలో, నీళ్లకు ఆనుకొని, బండ చాటున బడ్డీ. మధ్యలో తాడు. బండ అడ్డం కాబట్టి ఒకరికొకరు కనిపించరు.

తెల్లవారుతుండగా ఎదుటి కొండ మీంచి ఎవరో తుపాకీ పేల్చారు. గురి చూసి కాదు. ఇటు ఎవరైనా ఉన్నారేమో కదిలిస్తే తెలుస్తుందని. మనవాళ్లు బదులు పేల్చలేదు. అది ఆర్డర్.

మా తమ్ముడు తాడు ఒకసారి లాగాడు. అటు నుంచి ఒకసారి లాగిన తాడు తగిలింది. రేడియోలో సాబ్ గుసగుసగా అడిగాడు.

"ఎవరికన్న తగిలిందా?"

"లేదు సాబ్. ఇద్దరం ఠీక్."

కాసేపటికి మళ్లీ లాగాడు. ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. మెత్తగా వచ్చింది. వాడికి అనుమానం కలిగింది.

"సాబ్, బడ్డీ కాడికి పాక్కుంట పోయి చూసొస్త."

"కదలకు. వాళ్లు మన దిక్కే చూస్తుండ్రు. నువ్వు కదిలితే కింద ఆరుగురం పోతం. వాడు తాడు లాగుతుండా?"

"లాగుతుండు సాబ్."

"ఇంక ఫికర్ ఎందుకు? ఉండు."

వాడు కదలకుండా ఉన్నాడు. మంచు కరిగి చొక్కాలోకి దిగింది. మోచేతులు మొద్దుబారాయి. తాడు మాత్రం ఆగలేదు. కొంచెం కొంచెం సేపటికి ఒకసారి లాగుతోంది. మా తమ్ముడు ప్రతిదానికీ జవాబు ఇచ్చాడు. బతికే ఉన్నాడు, నాతో మాట్లాడుతున్నాడు అనుకుంటూ పొద్దు బాగా ఎక్కేదాకా లాగుతూనే ఉన్నాడు.

అప్పుడు సరిహద్దు దాటి ఆ మనుషులు వచ్చారు. సాబ్ ఆర్డర్ ఇచ్చాడు. పేల్చుకోవడం కొద్దిసేపే. కింద మనవాళ్లు ఆరుగురూ బతికారు.

మా తమ్ముడు బండ దాటి వెళ్లాడు. బడ్డీ బోర్లా పడి ఉన్నాడు. తొడకు తూటా. నెత్తురంతా రాళ్ల సందుల్లోకి పోయింది. తాడు కట్టిన చెయ్యి వాగులో ఉంది. నీళ్లు ఆ చేతిని తోసుకుపోతున్నాయి, తాడు ఆపుతోంది. మళ్లీ తోస్తున్నాయి.

మందులబ్యాగు మోసే జవాను ఒళ్లు ముట్టుకొని చూశాడు. "ఎప్పుడో తెల్లారంగనే పోయిండు ఉస్తాద్," అన్నాడు.

ఆ పతకం దానికి వచ్చింది. అది ఇచ్చేటప్పుడు మైకులో ఏం చదివారో వాడు నాకు ఒక్క ముక్కలో చెప్పాడు. "కదలకుంట ఉన్నందుకు ఇచ్చిండ్రక్కా."

రిటైరై వచ్చిన రోజు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. డప్పులు, దండలు. బళ్లో మాట్లాడమంటే నిలబడి, నీళ్లు తాగి, కూర్చున్నాడు. ఇంట్లో అన్నం తింటూ తింటూ ఎడమ చెయ్యి చూసుకునేవాడు. దవాఖానకు పోదామంటే "నాకేమైంది?" అనేవాడు. వాడికేమైందో నాకు తెలియదు. అడగడం కూడా తెలియదు.

ఒక మధ్యాహ్నం నేను మేకకు ఆకు కోస్తున్నాను. మేక నిలవడం లేదు. వాడు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఊరికే కూర్చున్నాడు కదా అని మేక తాడు కొస వాడి మణికట్టుకు రెండు చుట్లు చుట్టాను.

"జర పట్టుకో తమ్మీ."

మేక లాగింది. వాడు తిరిగి ఒకసారి లాగాడు. మేక మళ్లీ లాగింది. వాడు మళ్లీ ఒకసారి లాగాడు. మొహం తెల్లబోయింది. కొడవలి పారేసి తాడు విప్పుదామని పోయాను. విప్పనివ్వలేదు. ఆ తాడు పట్టుకొనే ఇదంతా చెప్పాడు. చివరికి ఇలా అన్నాడు.

"మొదటిది వాడే లాగిండు. రెండోది సుత వాడే అనుకుంట. తర్వాతయి ఏది వానిదో, ఏది వాగుదో నాకు తెల్వదక్కా. అన్నిటికీ జవాబిచ్చిన."

వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి వల్ల ఏమైనా అయిందో లేదో ఈ రోజుకూ తెలియదు. నేను ఆ వాగు చూడలేదు. అయినా పడుకుంటే నీళ్లలో ఆ చెయ్యే కనిపిస్తుంది. ఒకసారి లాగుతుంది. ఆగుతుంది. మళ్లీ లాగుతుంది.

మరునాడు పొద్దున తాడు లేకుండానే మేకను బయటికి తోలాను. అది నేరుగా పక్క చేనులో పడి మక్కలు మేసింది. ఆ చేను యాదమ్మ కట్టె పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది.

"ఏం మేకను పెంచుతున్నవే? ఇంత పెద్ద ఇంట్ల ఒక తాడు లేదా?"

మా తమ్ముడు అరుగు మీదే ఉన్నాడు. వింటున్నాడు.

"లేదు," అన్నాను.