నీళ్లు గీసిన ఆకు

నేను చెప్పేది ఇన్నేళ్లుగా ఎవరూ చెవిన పెట్టలేదు. బడికి రాశాను, గుడి కమిటీకి రాశాను, ఆఫీసుల్లో అర్జీలిచ్చి ముద్ర వేయించుకున్న నకళ్లన్నీ ఇనప్పెట్టెలో భద్రంగా దాచుకున్నాను. ఒక్కదానికి జవాబు రాలేదు. వినవలసినవాళ్లు వినలేదు కాబట్టి, నన్నెరగని మీకు చెబుతున్నాను. ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక సందులో బండలు పాలిష్ పట్టే మిషను ఒకటుంది. పొద్దున్నే దాన్ని తిప్పగానే నీళ్లలో కలిసిన నాపరాతి పొడి వాసన, తొలి వానకు తడిసిన పలక వాసన లాంటిది, కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆ వాసనకు వీధిలో అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం జమ్మలమడుగు హైస్కూలు వరండా, అక్కడ తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిన మా నాయన కనబడతాడు.

మా నాయన నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. జమ్మలమడుగు దాటాక నల్లరేగడి చేల మధ్య తవ్విన పెద్ద గుంత అది. ఎండాకాలం పొద్దు నడినెత్తికి రాకముందే అందులో దిగితే పెనం మీద దిగినట్టుండేది. బడి లేని రోజుల్లో నేను సద్ది తీసుకుపోయేవాణ్ణి: గుడ్డలో కట్టిన రాగిసంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, కొరుక్కోవడానికి పచ్చి ఎర్రగడ్డ. నాయన, ఆయన జతగాడు మహబూబ్ మామ బండకు పక్కనుంచి వరసగా ఉలులు దిగ్గొట్టి, సుత్తితో ఒకదాని తర్వాత ఒకటి మెల్లిగా తడుతూ పోయేవాళ్లు. తట్టేకొద్దీ చప్పుడు మారేది. ఒక చోట అది గంట మోగినట్టు మోగగానే ఇద్దరూ ఆగి గడ్డపారలు దూర్చేవాళ్లు, అప్పుడు గది వెడల్పున్న పొర పుస్తకంలో పేజీ లేచినట్టు లేచి వచ్చేది. దాని మీద కాలు పెట్టే ముందు ఇద్దరిలో ఎవరో ఒకరు కుండలోంచి చెంబెడు నీళ్లు పోసి అరచేత్తో తుడిచి చూడాలి. దాన్ని వాళ్లు మొగం కడగడం అనేవాళ్లు. అప్పటిదాకా ఏ కన్నూ చూడని మొగం, దుమ్ముతో వదిలేస్తే పాపమని మహబూబ్ మామ అనేవాడు.

అలా కడిగిన మొగాల మీద అప్పుడప్పుడు ఆకులు కనబడేవి. నల్లటి సిరాతో గీసినట్టు, కాడ, కాడకు కొమ్మలు, కొమ్మలకు ఈనెలు. మొదటిసారి చూసినప్పుడు నేను కేకలు వేశాను. నాయన నవ్వి నా చెయ్యి పట్టుకుని బండ అంచుకు తీసుకుపోయాడు.

"యాడ మొదలైందో చూడు. పగులు కాడ. ప్రతి ఆకూ పగులు కాన్నించే లోపలికి పోతాది. పగులు యాడుండాదో ఆకుకెట్ల తెలుస్తాది రా? ఇది నీళ్లు గీసింది. పగుల్లోంచి దిగి, పొరల మధ్యన మురికి ఇడిసి పోయినాయి."

వేసవి సెలవుల్లో వేముల పక్క పల్లెలో ఉండే అవ్వ ఇంటికి పోయేవాళ్లం. అక్కడి రాళ్లు వేరు. గుట్ట వాలులో, చెనిక్కాయ చేల గట్ల మీద, ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా ఉండే రాళ్లు పడి ఉండేవి. మా అవ్వ వాటిని చక్రాల రాళ్లు అనేది. బావి తవ్వేటప్పుడు అలాంటి రాయి తగిలితే సమ్మెట ఎత్తేవాళ్లు కాదు. చుట్టూ తవ్వి, మోకులు కట్టి, ముక్క పోకుండా పైకి లాగి, గట్టున పెట్టి పసుపు పూసి పాలు పోసేవాళ్లు. ఆ పూట పని బంద్. పని బంద్ కనుక ఓళిగలు. మేము ఆ రాళ్ల మీద కూర్చుని అచ్చంగాయలు ఆడితే అవ్వ చీపురు తీసుకుని వచ్చేది. "సామి చక్రం మీద ముడ్డి పెడతార్రా, కండ్లు పోతాయి!" అనేది.

అల్లుడు కాబట్టి నాయన ఆమె ముందు ఏమీ అనేవాడు కాదు. గుట్ట మీదికి నన్ను తీసుకుపోయినప్పుడు మాత్రం వంక కోసిన చోట నిలబెట్టి చూపించాడు. పగలని బండలో ఆ వలయాలన్నీ బోర్లించిన గిన్నెల వరసలా ఉన్నాయి. "ఒంపులన్నీ పైకే ఉండాయి చూసినావా? ఒక్కటన్నా కిందికి సూస్తాందా? బతికినేదే ఎలుతురు పక్కకు లేస్తాది. ఇదేందో నాకు తెలీదబ్బీ. పొర మింద పొరేసుకోని పెరిగినేది మాత్రం నిజం. చెక్కినేది కాదు, నీళ్లు గీసినేదీ కాదు."

ఎనిమిదో తరగతిలో మాకు సైన్సు సారు వచ్చాడు. కొత్తగా ఉద్యోగం వచ్చిన మనిషి, సైకిలు మీద పుస్తకాలు కట్టుకుని వచ్చేవాడు. జీవం నీళ్లలో పుట్టిందని, చేప గట్టెక్కిందని, మనిషికీ కోతికీ పూర్వీకుడు ఒకడేనని ఆయన చెప్పిన రోజు సగం తరగతి నవ్వింది, సగం చెంపలు వేసుకుంది. పక్కవీధి పాస్టరు గారి అబ్బాయి లేచి నిలబడి ఏడు రోజుల సృష్టి చెప్పాడు. సారు కోప్పడలేదు. "సాక్ష్యం చూపిస్తే నేనూ నమ్ముతా, కూర్చో" అన్నాడు. సాక్ష్యం అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటే. స్టాఫ్ రూములో తక్కిన అయ్యవార్లు ఆయన్ను చూసి 'కోతి సారు' అని నవ్వుకునేవాళ్లని, ఆయన ఒక్కడే వేపచెట్టు కింద అన్నం తినేవాడని నాకు తెలుసు. ఆయన కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి.

ఆ పాఠం గనిలో చెబితే మహబూబ్ మామ సుత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నేను బావా ఆదం కొడుకును. మీ అవ్వ లెక్కలో మీ నాయన చేపావతారం కాన్నించి వచ్చినోడు. మీ సారు కోతి కొడుకు. ముగ్గురికీ ఆకలైతే మాత్రం సంగటే గదప్పా!"

ఆ ఏడు బడిలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. ఆకు పడిన బండలను కొనేవాళ్లు మరకలని పక్కకు తోసేస్తారు కాబట్టి గని గట్టు మీద అవి కుప్పగా ఉండేవి. నేను ఒక ముక్క అడిగాను. నాయన ఇస్తూ ఒకటే మాట అన్నాడు: "తీస్కపో. ఆకని మాత్రం చెప్పొద్దు." అవ్వ ఊరి నుంచి దాచి తెచ్చుకున్న చక్రాల రాయి కూడా సంచిలో వేసుకుని పోయాను. సారు ఆకు బండను చూసి కుర్చీలోంచి లేచాడు. "శిలాజం! యాడ దొరికింది రా?" అని నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. బడిలో ఏ అయ్యవారూ అంతవరకు నన్ను ముట్టుకోలేదు. నీళ్లు గీసిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. చక్రాల రాయి చూపిస్తే తిప్పి చూసి, "ఇది ఉత్త రాయి" అని ప్రదర్శన బల్లకు ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద పెట్టించాడు.

బహుమతులు పంచడానికి ప్రొద్దుటూరు నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. మా అవ్వ ఊళ్లో కొత్త గుడి కట్టిస్తున్నది ఆయనే. సారు ఆకు బండ చూపిస్తూ, కోట్ల ఏళ్ల కిందటి ఆకు ఇది, దీనికి ఏ పురాణం జవాబు చెబుతుందని గొంతు పెంచాడు. ఆ పెద్దమనిషి చూపు మాత్రం బల్ల కాలి కింద ఆగిపోయింది.

"ఏందిది? చక్రాన్ని తెచ్చి కాలి కింద పెట్టినారే! మీ కోతిపాఠాలకు సామే దొరికినాడా?"

"అది ఉత్త రాయండీ."

"నీకు రాయి. మాకు సుదర్శనం. తియ్యప్పా బల్ల!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నటన కాదు. సారు కూడా బల్లకు అడ్డంగా నిలబడ్డాడు, అదీ నటన కాదు. జనం మూగారు. ఒకరు దశావతారాలు అన్నారు, ఒకరు కోతి తోక అన్నారు, హెడ్మాస్టరు ఎటూ అనలేక మంచినీళ్లు తెమ్మన్నాడు. అప్పుడు నేను ఒక పని చేశాను. గని నుంచి నేరుగా వచ్చి, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వరండా మెట్టు దగ్గర నిలబడి ఉన్న నాయనను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. నాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సారూ, కోపం చేసుకోవద్దు. అది ఆకు కాదు, నీళ్లు గీసింది. పగులు కాడ చూడండి. ఇంగ కాలి కింద ఉండేదే, అది ఒకప్పుడు పెరిగింది. మీరు చెప్పే పాతకాలం జీవం ఏదన్నా ఉంటే అదే."

వ్యాపారి నవ్వాడు. "రాళ్లు కొట్టేటోడు దేవునికి ప్రాణం పోస్తాండాడు సూడండప్పా." సారు కూడా నవ్వాడు, ఆ సాయంత్రం వాళ్లిద్దరూ కలిసిన చోటు అదొక్కటే. "బడి గడప తొక్కనోళ్లు మాకు పాఠం చెప్తాండారు" అని జనం వైపు తిరిగి, ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. మీ నాయన చెప్పేది నిజమా, పుస్తకంలో ఉండేది నిజమా?"

నా భుజం మీద పడిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. స్టాఫ్ రూము నవ్వులు గుర్తొచ్చాయి. నేను కాదంటే ఆయన అందరి ముందు ఓడిపోతాడు.

"పుస్తకంలో ఉండేది సార్" అన్నాను.

నాయన తలగుడ్డ దులిపి చుట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఇంట్లో కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ తర్వాత నేను సద్ది తీసుకుపోయినప్పుడు బండ లేస్తే మహబూబ్ మామే నీళ్లు పోసి తుడిచేవాడు. నాయన నాకు మళ్లీ ఏ రాయీ చూపించలేదు.

చక్రాల రాయిని మేళతాళాలతో వేముల పక్కకు తీసుకుపోయి గుడిలో నిలబెట్టారు. దాత కలలో కనబడి వెలసిందని శిలాఫలకం వేశారు. ఆకు బండను బడి అద్దాల బీరువాలో పెట్టి, 'శిలాజ పత్రం' అని రాసి, కింద సారు పేరు రాశారు. నేను పెద్దయి బండల వ్యాపారంలోనే పడ్డాను. ఒకరోజు రాళ్ల శాస్త్రం చదివిన ఒకాయన తన ఇంటికి బండలు కొనడానికి మా అంగడికి వచ్చి, ఆకు పడిన ముక్క చూసి నవ్వాడు. "ఈ బండ పుట్టేనాటికి భూమ్మీద ఆకు అనేదే లేదు. ఇది ఖనిజం గీత" అన్నాడు. వేముల రాళ్ల సంగతి అడిగాను. అవి కంటికి కనబడని సూక్ష్మజీవులు లోతు లేని సముద్రపు అంచున, వెలుతురు కోసం పొర మీద పొర పేర్చుకుంటూ పోయిన గుట్టలట. మనకు దొరికే అతి పాత జీవపు గుర్తుల్లో అవీ ఉన్నాయట. నేను అంగడి మూసి ఇంటికి పరుగెత్తి నాయనకు చెప్పాను. ఆయన దగ్గు ఆపుకుని నా వంక చూశాడు.

"నాకు తెలిసినేదే గదబ్బీ. నీకు కొత్త."

అప్పటి నుంచి మొదలుపెట్టాను ఉత్తరాలు. పూజలు ఆపమని నేను ఎవరికీ రాయలేదు. మా అవ్వ మొక్కిన రాయికి ఎవరైనా మొక్కుకోవచ్చు. ఫలకం మీద కలను తీసేసి, అది పెరిగిందని మొదట చెప్పిన మనిషి పేరు రాయమన్నాను. గుడి కమిటీ వాళ్లను నేరుగా అడిగితే, "ప్రాణముండిన రాయైతే ఇంకా మంచిదే గదప్పా, సామికి మహిమ పెరిగినట్టే" అని చేతిలో ప్రసాదం పెట్టి పంపారు. బడిలో బీరువా తాళం చెవి పోయిందన్నారు. చివరికి సారు దగ్గరికే పోయాను. రిటైరై ప్రొద్దుటూరులోనే ఉంటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, కాఫీ ఇప్పించాడు, అంతా విన్నాడు.

"ఆ ఆకు చూపించే ఎంతమంది పిల్లోళ్ల భయాలు పోగొట్టినానో నీకు తెలుసు. ఇప్పుడది ఆకు కాదంటే, కలలో రాయి కనబడిందనే ఆ గుడోళ్లు నన్ను చూసి ఏమంటారు? నేను చెప్పిందంతా అబద్ధమే అనరా?"

"సాక్ష్యం చూపిస్తే నమ్ముతా అన్నారు గద సార్. మీదీ నమ్మకమేనా?"

ఆయన లేచి కాఫీ గ్లాసులు తనే లోపలికి తీసుకుపోయాడు. తిరిగి బయటికి రాలేదు. ఆ గ్లాసుల చప్పుడే నాకు ఇంతవరకు దొరికిన జవాబు.

ఇప్పుడు గనిలో ఉలులు లేవు. మిషను రంపాలు బండను చీరుకుంటూ పోతాయి. పొర ఎక్కడ విడుతుందో వినే చెవి అక్కర్లేదు, మొగం కడిగే చేతులూ లేవు. మహబూబ్ మామ పోయాడు, ఆయన కొడుకులు కువైట్లో ఉన్నారు. అవ్వ ఊరి గుట్టకు ఒక పక్క లేదు, కంకర అయిపోయింది. ఆ బోర్లించిన గిన్నెలు ఏ రోడ్డు కింద ఉన్నాయో ఎవరికీ తెలియదు. మా నాయన ఊపిరితిత్తుల నిండా ఆ బండల పొడే ఉందని డాక్టరు చెప్పాడు.

నా తప్పు నేను ఆయన కాళ్లు పట్టుకుని ఒప్పుకున్నాను. మీ వంతు మిగిలి ఉంది సార్. మీరు పత్రికలు చదివే మనిషి, ఇది మీ చేతికి వస్తుంది. గుడి వాళ్లకు జవాబు చెప్పమని అడగడం లేదు, బీరువా తెరిపించమనీ అడగడం లేదు. నాయనకు సుత్తి చప్పుళ్లకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి ఇంకా వినిపిస్తోంది. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండు సందులు. వచ్చి ఆ చెవిలో, అది ఆకు కాదని ఒక్క మాట చెప్పండి. వస్తారా, రారా?