ఇంటికొచ్చి జుట్టు కత్తిరించే కరుణ అడిగిన రేటు

కరుణ ఇక లేదు.

నిన్న పొద్దున్న వాళ్ళాయన ఫోన్ చేసి చెబితే "ఏ కరుణ అండీ?" అని అడిగాను. మన కరుణ అని బుర్రకి తట్టనే లేదు. ముందురోజే కదా మా వీధిలో స్కూటీ మీద వెళ్తూ చెయ్యి ఊపింది!

గుండెపోటు. నలభై ఒక్క ఏళ్ళకి.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. తాడేపల్లిగూడెంలో ఆడవాళ్ళకి ఇంటికే వచ్చి హెయిర్ కట్, డై, పెళ్ళి జడలు చేసేది కరుణ. షాపు లేదు. ఒక స్కూటీ, ఒక బ్యాగు. పెంటపాడు, అత్తిలి, ఒక్కోసారి కైకలూరు దాకా వెళ్ళేది.

"నీకు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, తగ్గించమ్మా" అనేవాళ్ళం అందరం. పెట్రోలు, ఎండలో దారిలో పోయే గంటలు మాకు కనపడేవి కావు.

ఒకసారి కైకలూరులో చేపల చెరువులున్న వాళ్ళింట్లో పెళ్ళికి నన్ను తోడు తీసుకెళ్ళింది. రేటు ముందే ఫోన్లో ఒప్పుకున్నారు. పెళ్ళికూతురి జడ సగం అయ్యాక మేనత్త వచ్చి, "ఇంటికొచ్చి చేసేదానికి పార్లర్ రేటేంటండీ? సగం ఇస్తాం" అంది.

కరుణ దువ్వెన పక్కన పెట్టింది.

"అలాగేనండి. సగం జడ అయిపోయిందండి. మరి నేను వెళ్ళొస్తానండి."

ముహూర్తం దగ్గర పడింది. మొత్తం ఇచ్చారు. భోజనానికి మాత్రం పిలవలేదు. వస్తూ ఆకివీడులో బండి ఆపి ఇడ్లీ తిన్నాం.

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడినప్పుడు కరుణ నెలనెలా వచ్చి జుట్టు కత్తిరించేది. మామూలు రేటు కన్నా వంద ఎక్కువ తీసుకునేది. "మంచం మీద మనిషి దగ్గర కూడానా కరుణా?" అనేశాను.

"రెండింతల టైం పడుతుందండి అక్కా. ఊరికే చేశాననుకోండి, రెండోసారి పిలవడానికి మీకే మొహమాటమేస్తుంది. అమ్మగారి తల చిక్కులు పడిపోద్ది."

అమ్మ పోయేదాకా ఆ తల చిక్కుపడలేదు.

మొన్న వేసవి ముందు రేటు యాభై పెంచుతున్నానని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది.

"టూ మచ్."

"దీనికన్నా పార్లర్‌కే పోవచ్చు."

నాకు విడిగా మెసేజ్ చేసింది, "మీరైనా ఒక్క మాట రాయండక్కా" అని. తర్వాత రాద్దాంలే అనుకున్నాను.

రాయలేదు.

రెండో రోజు "పాత రేటేనండి, సారీ అండి" అని తనే పెట్టింది. అప్పుడు వరసగా లైకులు. వాటిలో నాదీ ఒకటి.

అప్పట్నుంచి రోజూ ఇంకో రెండు మూడిళ్ళు ఎక్కువ తిరిగింది. ఛాతీలో మంట వస్తే గ్యాస్ అనుకుందట. దానివల్లే పోయిందని నేను అనను. నేను డాక్టర్ని కాదు. కానీ నిన్నట్నుంచి తను నాకు విడిగా పెట్టిన ఆ మెసేజే మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తున్నాను.

ఇప్పుడు అదే గ్రూపులో "ఎప్పుడూ నవ్వుతూ ఉండేది" అని రాస్తున్నారు. నవ్వకపోతే మళ్ళీ పిలిచేవాళ్ళమా?

నిన్న సాయంత్రం అంత్యక్రియల దగ్గర మా పై ఫ్లోర్ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో అన్న మాట:

"ఇంత తక్కువకి ఇంటికి ఇంకెవరొస్తారండీ?"

నేను అప్పుడూ నోరు మూసుకునే ఉన్నాను.

కరుణా, నన్ను క్షమించమని అడగను.

ప్రభువు దగ్గర హాయిగా పడుకో తల్లీ. నీ అలసట తీరాలి.