ఏటి అంటే ఎనభై కాదు

ఆ రోజుల్లో నాకు ప్రమాదమంటే పొగ, మంట, పగిలిన గాజు. బయోమెడికల్ సైన్సు చదవడానికి పరాయి దేశం వెళ్లినప్పుడు మొదటి వారం మాకు నేర్పినవీ అవే. తీరా అసలు ప్రమాదం వచ్చిన రోజున అవేవీ లేవు. వేడినీళ్ల తొట్టిలోంచి సీసా పైకి తీసి, అలవాటుగా ఒకసారి వంచి చూశాను. లోపలి ద్రవం కదల్లేదు. ఇంకొంచెం వంచాను. ఉహూఁ. పూర్తిగా తలకిందులు చేశాను. గడ్డపెరుగులా అక్కడే కూర్చుంది. జారవలసింది జారలేదు గానీ నా గుండె మాత్రం జారింది.

ఆ ద్రవాన్ని సీరం అంటారు. మేము ల్యాబులో పెంచే కణాలకు అదే తిండి. నా ప్రాజెక్టంతా ఆ కణాల మీదే. పసిపిల్లల్లా సాకుతున్నాను వాటిని (అప్పటికి నాకు పిల్లల్లేరు కాబట్టి, సాకడమంటే వేళకింత తిండి పెట్టి తలుపు మూసేయడమే అనుకునేదాన్ని). సీరాన్ని వాడేముందు యాభై ఆరు డిగ్రీల వేడిలో కాసేపు ఉంచాలి. అంతకు బాగా మించితే ఉడికిన గుడ్డులా గట్టిపడుతుంది. తిండి లేకపోతే కణాలు చస్తాయి. అవి చస్తే నా చదువు మళ్లీ మొదటికొస్తుంది. అందాకా నా వీసా గడువు లేదు.

ఆవేళ తొట్టి వేడి చూసే పని అక్కది. అక్కంటే నైజీరియా నుంచి వచ్చిన తోటి విద్యార్థిని, నాకన్నా పెద్దది. ఆ పిలుపుకి అర్థం చెప్పాక మరి పేరుతో పిలవనిచ్చేది కాదు. సీరం వేడి చేయకముందే సీసా ఆమె చేతికిచ్చి నేను గుమ్మం బయటికి వచ్చాను. నెల్లిమర్ల నుంచి అమ్మ ఫోను. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని స్పీకరు పెట్టాను.

“ఏటి తిన్నావే?”

“ఏటీ?”

“కూరేటి వండుకున్నావే అని!”

“ఏటీ? ఇనపడ్డం నేదమ్మా!”

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి అక్క, వేడి ఎంత పెట్టాలని ఇంగ్లీషులో అడిగిందట. నాకు వినపడలేదు. ఆమెకు మాత్రం నా ‘ఏటీ’ శుభ్రంగా వినపడింది, అచ్చం ఇంగ్లీషువాళ్లు ఎనభై అన్నట్టు. జాగ్రత్త గల మనిషి కదా, “ఎయిటీ?” అని మళ్లీ అడిగింది. “ఏటీ!” అని అరిచాను నేను (ఫోనులోకి). స్పీకరులోంచి అమ్మ కూడా “ఏటే, ఏటి?” అంది. ఇద్దరు ఒకే మాట చెప్పాక ఇంకా అనుమానమేముంటుంది?

మా ప్రొఫెసరు గారు మాట్లాడే ముందు కళ్లద్దాలు తుడుచుకుంటారు. ఆ రోజు చాలాసేపు తుడుచుకున్నారు. “ఎనభై అని ఈమే చెప్పింది, అరిచి మరీ చెప్పింది” అంది అక్క. నేను ఆ మాటే ఎత్తలేదన్నాను. ఇద్దరం కాసేపు వాదించుకున్నాక నాకు విషయం తట్టింది. “సార్, మా వైపు ఏటి అంటే ‘వాట్’ అని” అన్నాను.

“వాట్?” అన్నారాయన.

“అవునండి, అదే.”

అక్క చేత్తో నోరు మూసుకుంది. ఆయన నవ్వలేదు. ఫ్రీజరులో ఇంకొక్క చిన్న సీసా మిగిలిందనీ, అదీ ఇలాగే అయితే నా ప్రాజెక్టు సంగతి మర్చిపొమ్మనీ చెప్పి, నా ఫోను తన కోటు జేబులో వేసుకుని వెళ్లిపోయారు. ఆ చిన్న సీసాను తొట్టిలో పెట్టి అక్క ఓ పక్క, నేనో పక్క కాపలా కాశాం. యాభై ఆరు, యాభై ఆరు అని ఒకరికొకరు అప్పజెప్పుకున్నాం. చివరికి సీసా వంచితే, సీరం చక్కగా ఓ పక్కకి జారింది. కణాలు బతికాయి, నా చదువూ బతికింది.

ఆ రోజుతో నేను ‘ఏటి’ మానేశాను. అమ్మతో కూడా ఏమిటి, ఏమిటి అనేదాన్ని. “అలగ మాటాడతన్నావేటే? పక్కన ఎవులైనా ఉన్నారేటి?” అని అడిగేది అమ్మ. నవ్వి తోసేసేదాన్ని. కొన్నాళ్లకి తనూ నాతో ఆచితూచి మాట్లాడటం మొదలుపెట్టింది, ఆసుపత్రిలో డాక్టరమ్మతో మాట్లాడినట్టు. చదువు ముగించి విజయనగరం తిరిగొచ్చి కాపురం పెట్టినా నా నోరు మాత్రం వెనక్కి రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ సాయంత్రం మా పెద్దది తమ్ముణ్ణి గద్దించింది. “ఏటి అనకూడదురా, ఏమిటి అనాలి. అమ్మ ఎలా అంటుందో చూడు!” వాడు చిన్నబుచ్చుకుని, పడుకునేదాకా నోరు విప్పలేదు. రేపు బడిలోనూ విప్పడేమో, అసలెప్పటికీ విప్పడేమో (నా భయాలకు పెద్ద కారణాలు అక్కర్లేదు) అనుకుంటూ ఇది రాస్తూ కూర్చున్నాను.

ఈ చివరి ముక్క పొద్దున చేర్చాను. బడికి తయారు చేస్తూ ఇద్దరికీ ఈ కథంతా చెప్పాను. పిల్లాడు పకపకా నవ్వాడు. అప్పుడన్నాను: “ఇంట్లో ఏటి అనండి, బళ్లో ఏటి అనండి, అమ్మమ్మతోటైతే ఇంకా గట్టిగా అనండి. ఎవులైనా నవ్వితే, ‘ఏటి నవ్వుతన్నావు?’ అని అడగండి.”